సంతకు పోని పంట: టస్కనీ రైతుల పొలం భోజనాలు

పట్నం నుంచి చుట్టాలొస్తే చెరుకు గడ విరిచి చేతికిస్తాం. వెళ్లేటప్పుడు సంచినిండా మామిడికాయలో, పెసలో పోసి పంపుతాం. అందుకు డబ్బడగడం మన దగ్గర తప్పు. అయితే ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి, "మీ పొలంలో రెండు రోజులుంటాను, మీరు పండించిందే తింటాను, అయ్యే ఖర్చు ఇస్తాను" అంటే ఏం చేస్తాం? ఇటలీ దేశంలో ఇది ఇప్పుడు సేద్యంలో భాగమైన ఒక ఆదాయం. అతిథులను ఇలా పెట్టుకునే పొలాలు ఆ దేశంలో 25 వేలకు పైనే ఉన్నాయి. అందులో 5 వేలకు పైగా ఒక్క టస్కనీ ప్రాంతంలోనివే. ఈ పద్ధతిని వాళ్లు 'అగ్రితురిజ్మో' అంటారు. వ్యవసాయం, యాత్ర అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరది.

విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. ఈ వ్యాసంలో వైన్ సంగతి చాలాసార్లు వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేల మనది. తాగుడు కొంపలు ఎలా ముంచుతుందో ఈ పేజీ చదివేవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ వైన్‌ను ద్రాక్ష రైతు చేతిలో తయారయ్యే సరుకుగానే చూద్దాం. రైతు పంటను కాయగా అమ్మితే ఎంత మిగులుతుంది, తన గడప దగ్గరే సరుకుగా మార్చి అమ్మితే ఎంత మిగులుతుంది అన్నదే మనకు కావలసిన లెక్క.

సగపాలు కాలం

టస్కనీలో ఫ్లోరెన్స్, సియెనా అనే రెండు నగరాల నడుమ ఉన్న గుట్టల సీమను కియాంతి అంటారు. ద్రాక్ష, ఆలివ్, అడవి అక్కడ కలిసే ఉంటాయి. గ్రేవె, రద్దా, గయోలె, కాస్తెల్లీనా అక్కడి చిన్న ఊళ్లు. ఈ రోజు ఆ గుట్టల ఫొటోలు క్యాలెండర్ల మీద అచ్చువేస్తున్నారు గానీ, డెబ్బై ఏళ్ల క్రితం అక్కడ సేద్యం చేసినవాడికి ఆ అందం చూసే తీరిక లేదు.

మధ్యయుగాల నుంచి అక్కడ నడిచింది సగపాలు సేద్యం. దాని పేరు మెజ్జద్రియా. ఆసామి భూమి, ఇల్లు ఇస్తాడు. కుటుంబమంతా ఆ ఇంట్లో ఉండి సేద్యం చేయాలి. పంటలో సగం ఆసామిది, సగం రైతుది. మధ్యలో ఆసామి తరఫున లెక్క చూసే గుమాస్తా ఒకడు. పండుగలకు కోళ్లు, గుడ్లు ఆసామి ఇంటికి చేర్చాలని కూడా ఒప్పందంలో ఉండేది. ఇంట్లో పెళ్లి జరగాలన్నా ఆసామి అనుమతి కావాలని రాసుకున్న కాగితాలూ ఉన్నాయి. మన దగ్గర పాలుకు చేసినవారికి, వెట్టి చూసినవారికి ఇదంతా కొత్తగా అనిపించదు.

సేద్యం తీరు మాత్రం తెలివైనది. ఒకే చేనులో అన్నీ ఉండేవి. మన దగ్గర తమలపాకు తీగను అవిసె చెట్టుకు పాకించినట్లు వాళ్లు ద్రాక్ష తీగను మేపుల్ చెట్టుకు పాకించేవారు. సాళ్ల మధ్య గోధుమ, చిక్కుడు వేసేవారు. గట్ల మీద ఆలివ్ చెట్లు. ఏ ఒక్క పంట పోయినా ఇంట్లో గంజికి లోటు రాకూడదన్నదే లెక్క. అమ్ముకునేంత మిగలదు, పూర్తిగా పస్తూ ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే పని దొరికింది. గుట్టల మీది కుటుంబాలు ఒక్కొక్కటిగా ఇల్లు వదిలి పట్నం దారి పట్టాయి. కుర్రవాళ్లు వెళ్లారంటే జీతం కోసం. ఆడపిల్లలు సగపాలు రైతు కొడుకును చేసుకోబోమన్నారని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుకోవడం కూడా ఉంది. 1964లో ప్రభుత్వం 756వ నంబరు చట్టం తెచ్చి కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోవడాన్ని నిషేధించింది. ఉన్న ఒప్పందాల్లో రైతు వాటాను నూటికి 58కి పెంచింది. మిగిలిన సగపాలు ఒప్పందాలు కౌలుగా మారడానికి 1982లో ఇంకో చట్టం వీలు కల్పించింది. కానీ చట్టం వచ్చేసరికే చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి.

తాళాలు తీసిందెవరు?

ఖాళీ అయిన ఆ రాతి ఇళ్లు, వాటి చుట్టూ ఉన్న చేలు చవకగా అమ్ముడుపోయాయి. ఉత్తర ఇటలీ పట్నాలవాళ్లు, ఇంగ్లీషువాళ్లు, జర్మన్లు, స్విస్ దేశస్థులు కొన్నారు. ఇంగ్లీషువాళ్లు ఎంతమంది వచ్చారంటే, ఆ సీమకు వాళ్ల దేశపు జిల్లా పేరులాగా 'కియాంతిషైర్' అని వెటకారంగా ఓ పేరే పడింది.

ఇంకోపక్క, భూమి సొంతంగా ఉన్న ఆసాములు, కొద్దో గొప్పో కొనుక్కోగలిగిన రైతులు సేద్యం వదలకుండా నిలబడ్డారు. వాళ్లకు వచ్చిన చిక్కు ఒకటే. కూలి పెరిగింది, ధర పెరగలేదు. మేపుల్ చెట్లు కొట్టేసి, ట్రాక్టరు తిరిగేలా సాళ్లలో ఒక్క ద్రాక్షే వేశారు. పంట పెరిగింది, వైన్ పలచబడింది. గడ్డి అల్లిన బుడ్డి సీసాల్లో చవక వైన్‌గా కియాంతి పేరు ప్రపంచమంతా తిరిగింది గానీ, రైతు చేతిలో డబ్బు నిలవలేదు. అప్పటి నిబంధనే అందుకు కొంత కారణం. 1967లో వచ్చిన నియమావళి ఎర్ర ద్రాక్షలో నూటికి 10 నుంచి 30 వంతుల తెల్ల ద్రాక్ష కలపాలని చెప్పింది. దాంతో బరువు పెరిగి నాణ్యం తగ్గింది.

అదే సమయంలో కొందరు పొలాలవాళ్లు ఇంటికి అతిథులను పిలవడం మొదలుపెట్టారు. 1965లో ఇందుకోసం 'అగ్రితురిస్ట్' అనే సంఘం ఏర్పడింది. ఇరవై ఏళ్లపాటు ఇది అటు హోటలూ కాదు, ఇటు సేద్యమూ కాదన్నట్లు నడిచింది. హోటళ్లవాళ్లు పేచీ పెట్టారు. రైతుకు పన్ను రాయితీలున్నాయి, అతను హోటలు నడిపితే మేమేం కావాలి అన్నది వాళ్ల వాదన. ఆ వాదన తప్పని కొట్టిపారేయలేం.

1985 చట్టం ఏం చెప్పింది

1985 ఆ ప్రాంతపు రైతులు మరిచిపోని సంవత్సరం. జనవరిలో ఎన్నడూ లేని చలి పడింది. కొన్నిచోట్ల సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోయింది. టస్కనీలో ఆలివ్ తోటలు నిలువునా మాడిపోయాయి. రైతులు చెట్లను నేలమట్టానికి కొట్టి, మోడు నుంచి వచ్చిన పిలకలను పెంచారు. ఈనాటికీ ఒకే మొదలు నుంచి మూడు నాలుగు కాండాలతో లేచిన ఆలివ్ చెట్లు అక్కడ కనబడతాయి. ఆలివ్‌కు ఆ గుణం ఉంది. 1996 నవంబరు తుపానులో కోనసీమలో తల విరిగిన కొబ్బరి మళ్లీ లేవలేదు కదా. అయినా పిలక పెరిగి కాపుకొచ్చేదాకా ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లలో ఇల్లు గడవాలి.

అదే సంవత్సరం డిసెంబరు 5న ఇటలీ పార్లమెంటు 730వ నంబరు చట్టం చేసింది. పొలంలో అతిథులను పెట్టుకోవడం హోటలు వ్యాపారం కాదు, వ్యవసాయానికి అనుబంధమైన పని అని ఆ చట్టం తేల్చింది. 2006 ఫిబ్రవరిలో దాని స్థానంలో 96వ నంబరు చట్టం వచ్చింది. వివరాలు ఒక్కో ప్రాంతం తన నియమాల్లో రాసుకుంటుంది. మూలసూత్రాలు మాత్రం ఇవి, రైతులు శ్రద్ధగా చదవాలి.

అతిథులను పెట్టుకునేవాడు రైతై ఉండాలి. పట్నం పెట్టుబడిదారు ఓ ఇల్లు కొని 'అగ్రితురిజ్మో' అని బోర్డు పెట్టుకుంటే చెల్లదు. అతిథుల పని కంటే వ్యవసాయం పనే ఎక్కువగా ఉండాలి. దాన్ని కొలిచేది ముఖ్యంగా పని గంటలతో. కలుపు, కత్తిరింపు, కోత, పశువుల పనికి ఏడాదిలో ఎన్ని గంటలు, వంటకూ గదులకూ ఎన్ని గంటలు అని లెక్క చూస్తారు. అయితే చిన్న రైతుకు ఒక వెసులుబాటు ఇచ్చారు. అతిథులు పదిమందికి మించకపోతే ఆ లెక్క అక్కర్లేదు, వ్యవసాయమే ముఖ్యమని ఒప్పుకుంటారు. గదుల కోసం పొలంలో ఉన్న పాత కట్టడాలనే బాగు చేసుకోవాలి. కొత్త భవనాలు లేపడానికి ఇది దారి కాకూడదు. పెట్టే భోజనంలో సొంత పొలంలో పండినదీ, ఆ చుట్టుపక్కల పొలాల్లో పండినదీ పెద్ద వాటాగా ఉండాలి.

నా మటుకు నాకు చివరి నియమమే అన్నిటికంటే గట్టిది అనిపిస్తుంది. బజారు నుంచి సరుకు తెచ్చి వండితే అది హోటలే. చేనులో పండింది విస్తట్లోకి వస్తేనే రైతుకు మిగులు. తన దగ్గర లేనిది పక్క రైతు దగ్గర కొనాలి కాబట్టి, ఒక ఇంటికి అతిథులొస్తే వెన్నకో, తేనెకో, కూరగాయలకో పక్క నాలుగిళ్లకూ గిరాకీ వస్తుంది.

విస్తట్లో ఏముంటుంది

పెద్ద పెద్ద వంటలుంటాయనుకుంటే పొరపాటు. టస్కనీ పొలాల భోజనంలో పేరున్నవన్నీ ఒకప్పటి సగపాలు రైతు ఇంటి వంటలే.

రొట్టెతో మొదలు. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. ఎందుకన్నదానికి రకరకాల కథలు చెబుతారు. కూరా, చీజూ ఉప్పగా ఉంటాయి కాబట్టి చప్పటి రొట్టె వాటికి సరిపోతుంది, మన అన్నం చప్పగా ఉన్నట్లే. రొట్టె వారానికోసారి కాల్చుకునేవారు, గట్టిపడితే పారేసేవారు కాదు. ఎండిన రొట్టె, చిక్కుడు గింజలు, ముదురాకుపచ్చ రంగులో పొడుగ్గా ఉండే క్యాబేజీ జాతి ఆకుకూర వేసి చారులా కాస్తారు. మర్నాడు దాన్నే మళ్లీ ఉడికిస్తారు. దాని పేరే 'రిబొల్లీత', అంటే మళ్లీ ఉడికించింది అని అర్థం. వేసవిలో అదే ఎండు రొట్టెను నీళ్లలో నానబెట్టి పిండి, టమాటా, ఉల్లిపాయ, తులసి జాతి ఆకు, ద్రాక్ష పులుపు, ఆలివ్ నూనె కలిపి తింటారు. దాని పేరు పంజనెల్ల. మన చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్నట్లే. ఇప్పుడు ఈ రెండింటి కోసం జనం విమానాలెక్కి వస్తున్నారు.

మన ఉలవచారు గుర్తుకు రావడం లేదూ? ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టిన నీళ్లతో కాచుకున్న చారు అది. నేడు పట్నం హోటళ్లలో మీగడ వేసి గిన్నెల్లో పోసి అమ్ముతున్నారు. డబ్బు హోటలుకు పోతోంది, ఉలవలు పండించినవాడికి మాత్రం క్వింటా ధరే. టస్కనీలో జరిగింది దీనికి తిరగబడ్డ కథ. అక్కడ పేదవాడి చారు పేదవాడి చేను మీదే అమ్ముడుపోయింది, అమ్మినవాడు ఆ పేదవాడేనా అన్నది కాసేపట్లో చూద్దాం.

అక్టోబరు చివర నుంచి ఆలివ్ కోత. కాయలు చేతితోనో, దువ్వెన వంటి పరికరంతోనో రాల్చి, ఆలస్యం చేయకుండా గానుగకు పంపుతారు. కాయ కుప్పలో వేడెక్కితే నూనె పాడవుతుంది. వంద కిలోల కాయకు సుమారు 15 కిలోల నూనె వస్తుంది. ఆ కొత్త నూనె ఆకుపచ్చగా, గొంతులో కారంగా తగులుతుంది. రొట్టె ముక్క నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి రుద్ది, దాని మీద ఆ నూనె ధారగా పోసి అతిథికిస్తారు. వంటంటూ అందులో లేదు. కానీ గానుగ దగ్గర నిలబడి ఆ ముక్క తిన్న మనిషి అయిదు లీటర్ల డబ్బా కొనుక్కోకుండా వెళ్లడం అరుదు. ఇంటికెళ్లాక మరుసటి ఏడాదికి ఉత్తరం రాసి తెప్పించుకునేవారూ ఉంటారు. అతిథి గది అద్దె కంటే ఈ ఖాతా విలువైనది.

సియెనాకు దక్షిణంగా పియెంజా అనే ఊరు గొర్రెపాల చీజ్‌కు పేరుమోసింది. అటువైపు వెళ్లిన అతిథులకు పాలు విరగ్గొట్టడం, గడ్డకట్టిన పాలను అచ్చుల్లో ఒత్తడం దగ్గరుండి చూపించే పొలాలున్నాయి.

ద్రాక్ష లెక్క

మనం హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ల మీద పండించిన అనాబ్-ఇ-షాహీ తినే ద్రాక్ష. వైన్ ద్రాక్ష వేరు. కాయ చిన్నది, తోలు మందం, గింజ ఉంటుంది. కియాంతిలో ముఖ్యమైన రకం సాంజోవేసె. 'కియాంతి క్లాసికో' అనే పేరుతో అమ్మాలంటే నూటికి కనీసం 80 వంతులు ఆ రకమే ఉండాలి.

మనవాళ్లకు వింతగా తోచే నియమం ఇంకొకటి ఉంది. దిగుబడికి పై హద్దు పెట్టారు. హెక్టారుకు 75 క్వింటాళ్లు, అంటే మన ఎకరాకు 30 క్వింటాళ్లకు మించి కాయ తీయకూడదు. కాయ ఎక్కువ పడితే వేసవిలో పచ్చి గుత్తులనే కొంత కోసి నేలపాలు చేస్తారు. మిగిలిన గుత్తుల్లో తీపి, రంగు చిక్కబడతాయి. నియమం ప్రకారం ఎకరా కాయ నుంచి వచ్చేది ముప్పావు లీటరు సీసాలు సుమారు 2,800.

సెప్టెంబరు, అక్టోబరుల్లో కోస్తారు. అక్కడితో డబ్బు రాదు. కోసిన మరుసటి సంవత్సరం అక్టోబరు 1 దాకా ఆ వైన్ అమ్మకానికి పెట్టకూడదు. 'రిసెర్వ' అనే మేలు రకానికి రెండేళ్లు ఆగాలి. గుత్తులను గాలికి ఆరబెట్టి, చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి చేసే 'విన్ సాంతొ' అనే తీపి వైన్ కూడా ఉంది. దాన్ని బాదం బిస్కట్లతో భోజనం చివర ఇస్తారు. సరుకు నేలమాళిగలో పీపాల్లో నిద్రపోతుంటే చిన్న రైతు ఇంటి ఖర్చుకు ఏం చేయాలి? కొందరు కాయగానే సహకార కేంద్రానికి పోస్తారు. మిగిలినవారికి ఆదుకునేది అతిథి ఇచ్చే నగదు. చాలామంది గమనించని సంగతి ఇది. అతిథి వల్ల వచ్చే లాభం ఒక్క గది అద్దెలో లేదు. పంట పండి సొమ్ము చేతికొచ్చేదాకా అప్పుకు పోకుండా నిలబెట్టడంలో ఉంది.

మే నెలలో ఒక ఆదివారం వైన్ తయారీదారులు తలుపులు తెరిచి జనాన్ని లోపలికి పిలిచే పద్ధతి 1993లో మొదలైంది. 1999లో 'వైన్ దారులు' అనే చట్టం చేశారు. ఏ దారిలో పోతే ఏ పొలాలు తగులుతాయో తెలిపే గుర్తుల పలకలు పెట్టారు.

పేరు ఎలా నిలిచింది

కియాంతి సరిహద్దులను 1716లోనే టస్కనీని ఏలిన మూడో కోసిమో శాసనంగా ప్రకటించాడు. 1924లో 33 మంది ఉత్పత్తిదారులు సంఘం పెట్టుకుని నల్ల కోడిపుంజును గుర్తుగా ఎంచుకున్నారు. సీసా మీద నేటికీ అదే పుంజు. 1984లో ప్రభుత్వం నిబంధనలు కఠినం చేసి, అత్యున్నత హోదా ఇచ్చింది. తెల్ల ద్రాక్ష వాటాను బాగా తగ్గించింది.

పేరు ఎంత పెళుసో 1986లో తెలిసింది. ఉత్తర ఇటలీలో కొందరు చవక వైన్‌కు ఘాటు పెంచడానికి మిథనాల్ కలిపారు. 20 మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. తప్పు చేసింది టస్కనీవాళ్లు కాకపోయినా విదేశాల్లో ఇటలీ వైన్ మొత్తానికి గిరాకీ పడిపోయింది. కల్తీ సారా చావులు మనమూ చూశాం. ఆ దెబ్బ తర్వాతే, ఎవరు చేశారో తెలిసిన సరుకు, కళ్లతో చూసిన పొలం సరుకు కొనాలనే ఆలోచన అక్కడి జనంలో బలపడింది.

మనకు కూడా 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం వచ్చింది. బంగినపల్లి మామిడికి 2017లో, అరకు కాఫీకి 2019లో, తాండూరు కందికి 2022లో ఆ గుర్తింపు దక్కింది. కాగితం వచ్చింది. దిగుబడికి హద్దు పెట్టుకుని, సరుకు తామే తనిఖీ చేసుకునే రైతు సంఘం ఉంటేనే ఆ కాగితం ధరగా మారుతుంది.

ఎవరి చేతికొచ్చింది?

ఇప్పుడు ఇందాకటి ప్రశ్న. అతిథులు నిద్రపోయే ఆ రాతి ఇంట్లో ఒకప్పుడు పదీ పదిహేనుమంది ఉన్న సగపాలు కుటుంబం బతికింది. కింద ఎడ్ల కొట్టం, పైన మనుషులు. ఎడ్లు కట్టిన చోటే ఈ రోజు భోజనాల గది. ఆ కుటుంబపు మనవలు చాలామంది పట్నంలో ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల అవ్వ కాచిన చారు పేరుతో వచ్చే ఆదాయంలో వాళ్లకు వాటా లేదు. ఇల్లు వాళ్లది కాదు, భూమి వాళ్లది కాదు. భూమి కాగితం ఎవరి పేరున ఉందో వాళ్లకే అతిథి డబ్బు చేరింది. కాస్త భూమి కొనుక్కుని నిలబడగలిగిన సగపాలు రైతుల కుటుంబాలు బాగుపడ్డాయి, అలాంటివారూ ఉన్నారు. కాని లెక్క చూస్తే వెళ్లిపోయినవారే ఎక్కువ.

అతిథులొచ్చే పొలం పని కూడా తేలిక కాదు. మే నుంచి సెప్టెంబరు దాకా జనం. ద్రాక్ష కోత మీదుండగా గదుల దుప్పట్లు మార్చాలి. అర్ధరాత్రి నీళ్లు రాలేదంటే లేవాలి. ఈ పొలాల్లో మూడోవంతుకు పైగా ఆడవాళ్లు నడిపేవే. మిగతాచోట్ల కూడా వండి వడ్డించేది ఎక్కువగా వాళ్లే. మనవాళ్లలో ఎవరైనా ఇలాంటిది తలపెడితే వచ్చిన డబ్బు లెక్క ఇంటి ఆడమనిషి చేతిలో ఉంచడం న్యాయం.

ఇక మన సంగతి

పొరుగున మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది. ఊరికి దగ్గరలో గుడి, జలపాతం, పట్నం రోడ్డు ఉన్న రెండెకరాల రైతుకూ ఈ ఆలోచన రావచ్చు. అప్పు చేసి గదులు కట్టడంతో మొదలుపెట్టవద్దు. టస్కనీ రైతు పాత కొట్టాన్ని బాగుచేసుకున్నాడు. ముందు ఒక్క పూట భోజనంతో చూడండి. మామిడి కోతలప్పుడో, జొన్న ఊచబియ్యం కాలంలోనో, చెరుకు గానుగ ఆడేటప్పుడో నెలకు రెండు ఆదివారాలు పదిమందికి మించకుండా పిలవండి. బియ్యం, పప్పు, కూర, పెరుగు, బెల్లం మీవో పక్కింటివో అయి ఉండాలి. వచ్చినవారికి వెళ్లేటప్పుడు కొనుక్కోవడానికి ఏదో ఒకటి తూచి పొట్లం కట్టి ఉంచండి. మందు కొట్టిన మడిలోకి ఎవరినీ రానివ్వకండి, నేలబావికి చుట్టూ గోడ లేకపోతే ముందు అది కట్టండి. శుభ్రమైన మరుగుదొడ్డి లేనిదే ఎవరినీ పిలవకండి. భోజనం డబ్బుకు పెట్టేవారు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవాలి.

ఏడాది నడిచాక, కొన్నవారు మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు గది సంగతి చూడవచ్చు. కౌలుకు చేస్తున్న పొలంలో మాత్రం, ఎన్నేళ్లు ఉండనిస్తారో, కట్టిన గది ఖర్చు ఎవరిదో ఆసామితో కాగితం మీద రాయించుకోకుండా ఒక్క ఇటుక కూడా పేర్చవద్దు.